జీలుగు బెండు కిరీటం

డెబ్బై మూడులో జ్యేష్ఠమాసం సగం గడిచినా ఆదోని మీద ఒక్క మబ్బు కూడా నిలవలేదు. పెళ్ళిళ్ళ రోజులు అయిపోవచ్చాయి. కోట కొండ కింద, పత్తి మిల్లుల వెనక సందులో ఉండే వీరమ్మకు చేతిలో పని పలచబడింది. పత్తి వచ్చే నెలల్లో ఆమె మిల్లులో చెత్త ఏరేది. పెళ్ళిళ్ళ నెలల్లో ఇంట్లో కూర్చుని బాసికాలు కట్టేది. జీలుగు బెండును పలచటి పొరలుగా కోసి, మల్లెమొగ్గలంత పూలు మలిచి, మెరిసే బేగడ రేకు అద్ది, పెళ్ళికూతురి నుదుటికీ పెళ్ళికొడుకు నుదుటికీ సరిపడేలా కట్టడం ఆమె తల్లి దగ్గర నేర్చుకున్న విద్య. నలభయ్యో పడిలో పడిన మనిషి. పిల్లలు కలగలేదు. భర్త పుల్లన్న రైల్వే స్టేషను దగ్గర జట్కా తోలేవాడు.

ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు గుమ్మం ముందు నిలబడ్డారు. ముందున్నాయన సన్నగా, భుజం మీద కండువాతో ఉన్నాడు. ఊళ్ళు తిరిగి నాటకాలు నేర్పే వెంకటేశులు. వెనకున్నవాడు తలుపు కమ్మీ తగలకుండా బాగా వంగి లోపలికి వచ్చాడు. పెద్ద మనిషి. ఒళ్ళు ఎంత పెద్దదో తల అంతకంటే పెద్దది. పేరు అబ్రహాం. మార్కెట్ యార్డులో హమాలీ.

వెంకటేశులు గోనెసంచి విప్పి బంగారు రంగు వేసిన కిరీటం బయటికి తీశాడు. బళ్ళారిలో నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే అంగడిదట.

"పెట్టుకో అబ్రహాం. అమ్మ సూడనీ."

అబ్రహాం పెట్టుకున్నాడు. ఆ కిరీటం అతని నడినెత్తిన, గుమ్మడికాయ మీద బోర్లించిన చెంబులా నిలబడింది. జట్కా విప్పి అప్పుడే ఇంటికి వచ్చిన పుల్లన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. అబ్రహాం కూడా నవ్వాడు కానీ, నవ్వుతూనే చూపు నేలకు దించుకున్నాడు. అది వీరమ్మ ఒక్కతే చూసింది.

"ఆ అంగడిలో ఉండేవన్నీ పెట్టి సూసినామమ్మా," అన్నాడు వెంకటేశులు. "ఒక్కటీ దిగలేదు."

సంగతి ఆయనే చెప్పుకొచ్చాడు. పెద్దకడుబూరు పక్కన వాళ్ళ పల్లెలో రెండేళ్ళుగా విత్తు పడలేదు. రాముడికి పట్టం కడితే కాలం తిరుగుతుందని పెద్దవాళ్ళు తలచుకున్నారు. ఊరివాళ్ళే వేషాలు కట్టుకుని పట్టాభిషేకం నాటకం ఆడాలని నిర్ణయం. రాముడు అబ్రహాం. ఆదివారం చర్చిలో ముందు నిలబడి పాడే గొంతు అతనిది. మొదట్లో బసవన్న అనే పెద్దాయన, ఆయనతో పాటు మరికొందరు, వేరేవాడు దొరకలేదా అని గొణిగారు. ఒక సాయంత్రం అబ్రహాం పద్యం ఎత్తుకుంటే ఆ గొణుగుడు ఆగింది.

"వేరే తల ఎవరిదైనా కిరీటానికి సరిపోతాది," అన్నాడు వెంకటేశులు. "గొంతు సరిపోవద్దా? నువ్వే ఏదో ఒకటి సెయ్యాల తల్లీ."

"నేను బాసికాలు కట్టేదాన్ని అయివారూ. కిరీటం నా చేతుల్లో ఎప్పుడూ పుట్టలేదు."

"బాసికమంటే ఏందమ్మా, కిరీటంలో ముందర సగమే గదా. ఆ యెనక సగం గూడా కట్టేయ్."

 వీరమ్మ చెయ్యి అలవాటుగా గూట్లోని దారపుండ కోసం పోయింది. అబ్రహామును పీట మీద కూర్చోబెట్టి తలచుట్టూ దారం తిప్పింది. నుదుటి నుంచి నడినెత్తి దాకా వేళ్ళతో చూస్తూ ఒకచోట ఆగిపోయింది. నడినెత్తి మీద జుట్టు పలచబడి, చర్మం అరికాలిలా గట్టిపడి ఉంది. పత్తి బోరాలు మోసి మోసి అలా అయింది.

"నొప్పి పుడుతుందా అప్పా?"

"లేదక్కా. ఆడ ఏం పెట్టినా నాకు తెలీదు," అన్నాడు అబ్రహాం.

వాళ్ళు వెళ్ళాక ఆ దారాన్ని అలాగే పక్కన పెట్టుకుని, చల్లటి గచ్చు మీద నడుం వాల్చింది. ఎప్పుడు కళ్ళు మూతలు పడ్డాయో తెలియదు.

కలలో ఆమె కోట కొండ ఎక్కుతోంది. చెట్టూ చేమా లేని కొండ, ఒకదాని మీద ఒకటి కూర్చున్న గుండ్రాళ్ళు. ఎండ ఉంది గాని కాళ్ళు కాలడం లేదు. ఎక్కుతున్న కొద్దీ కింద మిల్లుల చప్పుడు సన్నగిల్లి, దూదిలో చుట్టినట్టు అయిపోయింది. పైన ఒక బండ మీద తెల్లగా ఏదో ఉంది. దగ్గరికి పోతే కిరీటం. అద్దె కిరీటాల్లా గోపురం ఎత్తింది కాదు, మూత పెట్టింది కాదు. సగం విచ్చిన తామరలా వలయం వలయంగా రేకులు, బయటివి పొట్టివి, లోపలివి పొడుగువి. నడుమ ఖాళీగా ఉంటే అందులోంచి ఆకాశం కనిపిస్తోంది. గాలి లేదు. అయినా ఆ రేకులు ఎవరో ఊపిరి తీసి వదులుతున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. ఎంతసేపు చూసిందో. ముట్టుకుందామని చెయ్యి చాపేసరికి మెలకువ వచ్చింది.

లేచిన మనిషి ముఖం కూడా కడుక్కోలేదు. ముగ్గుపిండి డబ్బా తెచ్చి, మరిచిపోకముందే ఆ కిరీటాన్ని ఇంటి నడుమ గచ్చు మీద గీసింది. సాయంత్రం పుల్లన్న వచ్చి, దాన్ని తొక్కకుండా గోడవెంబడి నడిచి, మూలన కూర్చుని సంగటి తిన్నాడు.

"రామునిది ఇట్లుంటాదా?" అన్నాడు కాసేపు చూసి.

"రాముని కిరీటం ఎవురు సూసినారు మామా. నాకు కనపడింది ఇది."

 పుల్లన్న మాటలు ఎక్కువ ఖర్చుపెట్టే మనిషి కాదు.

ఇంట్లో ఉన్న బెండంతా పెళ్ళిళ్ళకే అయిపోయింది. మర్నాడు పొద్దున్నే పుల్లన్న జట్కా కట్టాడు. ఊరికి దూరంగా తుంగభద్ర కాలువ గట్టు పక్కన ఊటనీరు నిలిచే గుంట ఒకటుంది. కాలువ ఎండిపోయి అడుగున మట్టి పలకలు పలకలుగా పగిలింది. గుంటలో మాత్రం బురద మిగిలింది, ఆ బురదలో జీలుగు కాడలు ఎండి నిటారుగా నిలబడి ఉన్నాయి. పుల్లన్న పంచె ఎగగట్టి మోకాలి లోతు దిగాడు. అతను కోసి అందిస్తుంటే వీరమ్మ గట్టు మీద కూర్చుని ఒక్కో కాడనూ గోటితో గీరి చూసింది. పైన నల్లటి బెరడు, లోపల పాలమీగడ. పుచ్చినవి వదిలేసి మంచివి కట్టలు కట్టింది.

జొన్నరొట్టె, వేరుశనగల ఊరిబిండి విప్పుకుని గట్టు మీదే తిన్నారు. ఎదురుగా బీళ్ళ మీద ఎండమావి లేచింది. దూరంగా పోతున్న ఎడ్లబండి నేలకు ఆనకుండా నీళ్ళలో తేలుతున్నట్టు కనబడింది. అది నిజంగా బండేనా, లేక తన కల ఇంకా తెగలేదా అనిపించింది వీరమ్మకు. పక్కన గుర్రం బురద నీళ్ళు తాగిన చప్పుడు వినబడ్డాకే ఆమెకు నిలకడ చిక్కింది.

బేగడ రేకు మీద ఆమె మనసు పోలేదు. కలలోని కిరీటం అంచులు మెరిసింది బంగారంలా కాదు, వెన్నెలలా. అందుకని బస్సెక్కి ఎమ్మిగనూరు పోయింది. అక్కడ చిన్నమ్మ తాయమ్మ, ఆమె మగడు ఇంట్లో మగ్గం నేస్తారు. మగ్గం నుంచి చీర కోసేటప్పుడు మిగిలిపోయే తెల్లజరీ కొసలను తాయమ్మ పారెయ్యకుండా ఒక డబ్బాలో దాస్తుంది.

"ఎవురికే కిరీటం?" అంది తాయమ్మ, డబ్బా దించుతూ.

"పెద్దకడుబూరు దిక్కు రామునికి చిన్నమ్మా. మూటలు మోసే ఆయప్ప."

"మంచిదే గదా. మోసేటోనికే పట్టం కట్టల్ల. తీస్కపో అంతా."

మధ్యాహ్నం బస్సు దాకా ఆగాల్సి వచ్చింది. మగ్గం గుంతలో చిన్నాయన పలకలు తొక్కుతుంటే పోగు మోసే నాడె అటూ ఇటూ పరుగులు తీస్తోంది. గోడకు ఆనుకుని ఆ చప్పుడు వింటూనే వీరమ్మ కునికింది. మళ్ళీ అదే బండ, అదే తెలుపు. ఈసారి కిరీటం ఆమె ఒళ్ళోనే ఉంది. ఒక్కో రేకు మొదలు దగ్గర సన్నటి వెండిపోగు మెలివేసి ముడి కట్టి ఉంది. అంటే రేకులు అతికించినవి కావు, కట్టినవి. అందుకే కదులుతున్నాయి.

"బస్సు పోతాదే, లెయ్," అని తాయమ్మ భుజం తట్టింది.

ఆ తరువాతి రోజులు వీరమ్మకు ఒక్క పొడుగాటి పగలులా గడిచాయి. వెదురు బద్దను నానబెట్టి అబ్రహాం తలకొలతకు వలయం వంచింది. బెండును తడిగుడ్డలో ఉంచి, పలచటి కత్తితో పొరలు తీసి, ఒక్కో రేకునూ అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నొక్కి వంపు తెప్పించింది. అంచులకు తెల్లజరీ కుట్టింది. రేకుల మొదళ్ళను వెండిపోగుతో మెలివేసి కట్టింది. ఇంట్లో ఎక్కడ చూసినా తెల్లటి పొట్టు. పుల్లన్న మీసం మీద, అన్నం కుండ మూత మీద, గుర్రం జూలులో కూడా. సందులోని ఆడవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు. రోజూ నీళ్ళ కొళాయి దగ్గర గొంతులు చించుకునేవాళ్ళు అక్కడికొస్తే మెల్లగా మాట్లాడుకునేవాళ్ళు. పూర్తయిన రోజు వీరమ్మ దాన్ని పీట మీద పెట్టి దూరంగా జరిగి కూర్చుంది. తన చేతులతోనే చేసింది. అయినా ముట్టుకోవడానికి జంకు కలిగింది.

నాటకానికి ముందురోజు వెదురుబుట్టలో పాతచీర పరిచి కిరీటం పెట్టుకుని జట్కాలో పల్లెకు చేరారు. చావడి ముందర ఊరంతా గుమికూడింది. అబ్రహాం కాళ్ళు కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వీరమ్మ రెండు చేతులా ఎత్తి పెట్టింది. కిరీటం కొలిచి పోసినట్టు కూర్చుంది.  ఒక ముసలామె చేతులు జోడించింది.

"ఇంగ లెయ్ అబ్రహాం," అన్నాడు వెంకటేశులు, హార్మోనియం మెట్లు నొక్కుతూ.

అబ్రహాం లేచి నడవబోయాడు. నాలుగు అడుగులు వెయ్యక ముందే చెయ్యి తల మీదికి పోయింది. సర్దుకుని పద్యం ఎత్తుకున్నాడు. గొంతు లేస్తూ లేస్తూ మధ్యలో తడబడింది. మళ్ళీ చెయ్యి పైకి పోయింది. మెడ బిగబట్టి, నీళ్ళకుండ మీద మూత జారకుండా నడిచే ఆడమనిషిలా నడిచాడు. చివరికి ఆగిపోయి, కిరీటం మెల్లగా తీసి వీరమ్మ ఒళ్ళో పెట్టాడు.

"అలగొద్దక్కా. సానా బాగుండాది. కానీ తల మీద ఉండాదో లేదో నాకు తెలీడం లేదు. యాడ పడిపోతాదో అని పానమంతా ఆడ్నే ఉంటాది. పద్యం నోటికి రాదు."

గడ్డం కిందికి తాడు కడదామన్నారు ఎవరో. రాజుకు గడ్డం కింద తాడేమిటని వెంకటేశులు విసుక్కున్నాడు. పుల్లన్న గుర్రపు జీనుకుండే ఇనప రింగులు ఊడదీసుకొచ్చి ఇచ్చాడు. అవి కడితే వెదురు వలయం ఒకపక్కకు ఒరిగింది, నుదురు ఒరుసుకుపోయింది. వీరమ్మ రింగులు తీసేసి చావడి స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది. తను కట్టిన బాసికాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్ళూ ఎంత తేలిగ్గా ఉందమ్మా అనేవాళ్ళు. తల్లి కూడా ఆ మాటకే పొంగిపోయేది. ఆ తేలికే ఇప్పుడు దోషమైంది. ఏడుపు రాలేదు గాని, కలలోంచి ఎవరో చెయ్యి పట్టి బయటికి లాగి వదిలేసినట్టు ఒళ్ళంతా బోలుగా అయింది.

అబ్రహాం తల్లి మద్దమ్మ అంతసేపూ ఓ పక్కన కూర్చుని చూస్తోంది. మెల్లగా లేచి వచ్చి వీరమ్మ పక్కన చతికిలబడింది.

"వాడు మీసం రాకముందు నుంచీ మూటలు మోస్తాండాడు తల్లీ. నెత్తిన బరువుంటే వాని నడక సూడల్ల, ఏనుగు నడిచినట్టుంటాది. ఒట్టి తలతో నడిచేది వానికి సేతగాదు. కొంచెం బరువెయ్యి."

"ఇనుము ఏసినా గదా అత్తా. ఒత్తుతాండాది."

మద్దమ్మ ఆలోచించింది. లేచి గుడిసెలోకి పోయి చంకలో చిన్న కుండ పెట్టుకుని వచ్చింది. మూతికి పేడ మెత్తి ఉంది. ఆమె దాన్ని గోటితో పెకలించి లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. తెల్లజొన్నలు. వేపాకు వాసన గుప్పుమంది.

"ఇత్తనం. రెండేండ్ల నుంచీ కుండలోనే ఉండాది. సంచిలో పోసి మెడకింద పెట్టుకుంటే ఒత్తవు ఇవి, తల ఎట్లుంటే అట్ల ఒదుగుతాయి. పట్టం కట్టినాక మళ్ళీ కుండలో పోసుకుంటా."

వీరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తరువాత తను కట్టుకున్న చీర కొంగు అంచు పొడుగునా చించి, సన్నటి గొట్టంలా కుట్టడం మొదలుపెట్టింది. మద్దమ్మ జొన్నలు పోసింది. గొట్టం సగం కూడా నిండలేదు. అప్పటికే మాట నాలుగిళ్ళకు పాకింది. ఎవరూ అడగలేదు. ఒక్కొక్కరే కొంగులో, దోసిట్లో, పిల్లల పలకల మీద గింజలు తెచ్చి ఆమె ముందు పోశారు. జొన్నలు, కొర్రలు, కొన్ని సజ్జలు. అన్నీ కలిసిపోయాయి. చివరికి బసవన్న వచ్చాడు. తలపాగా విప్పి అందులో ముడివేసిన గింజలు గొట్టం మూతిలోకి తనే పోశాడు. అబ్రహాం వైపు ఒకసారి చూసి, తలపాగా మళ్ళీ చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

గొట్టాన్ని వలయం లోపలివైపు కుట్టింది. ఇప్పుడు చేతిలోకి తీసుకుంటే పసిబిడ్డ తలంత బరువు.

అబ్రహాం పెట్టుకున్నాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. భుజాలు వాటంతట అవే దిగాయి, మెడ నిలిచింది.

"ఆఁ," అన్నాడు. "ఇప్పుడు ఉండాది."

నాటకం మర్నాడు దీపాలు పెట్టిన వేళ మొదలైంది. పట్టాభిషేకం వచ్చేసరికి తూరుపు తెల్లబడింది. పెట్రోమాక్సు లైట్లు వెలవెలబోయాయి. పిల్లలు తల్లుల ఒళ్ళో నిద్రపోతున్నారు. పెద్దవాళ్ళు కూడా సగం నిద్రలో, సగం కథలో ఉన్నారు. వేళ్ళకు రంగులంటిన వెంకటేశులు హార్మోనియం మీద ఒక్క స్వరం పట్టుకుని వదలకుండా నిలిపాడు. తెర పక్కకు జరిగింది.

అబ్రహాం వచ్చాడు. తొందర లేదు. అడుగు వేసి, ఆ అడుగు నేలకు ఆనాక ఇంకో అడుగు. తల కదలలేదు. ప్రతి అడుగుకూ కిరీటంలోని గింజలు లోలోపల సన్నగా జరిగిన చప్పుడు, తెరవారన కూర్చున్న వీరమ్మకు వినిపించింది. అప్పుడే గుట్టల మీంచి ఎండ పొడిచి చావడి మీద పడింది. తెల్లటి రేకులు పల్చగా వెలుగు పట్టి లోపలి నరాలు కనిపించేలా మెరిశాయి. అతను ఊపిరి తీసి పద్యం ఎత్తుకున్నాడు. గొంతుతో పాటు రేకులు కదిలాయి. నిద్రపోతున్న పిల్లలు ఒక్కరొక్కరే లేచి కూర్చున్నారు, ఎవరూ లేపకుండానే.

వీరమ్మ మొదట కిరీటాన్నే చూసింది. తన ముడులు నిలుస్తాయా లేదా అని. కొంచెంసేపటికి ముడులు మరిచిపోయింది, కిరీటాన్నీ మరిచిపోయింది. ఎదురుగా ఉన్నది మార్కెట్ యార్డులో బోరాలు మోసే మనిషో, ఎన్నడో ఏలిన రాజో ఆమెకు గుర్తుకు రాలేదు. తను ఎక్కడ కూర్చుందో కూడా తెలియలేదు. పద్యం అయిపోయాక చెంపలు తడిగా ఉండటం చూసుకుని ఆశ్చర్యపోయింది. పక్కన పుల్లన్న చెయ్యి ఆమె మోకాలి మీద ఉంది. అది ఎప్పుడు వచ్చిందో అతనికీ తెలిసినట్టు లేదు.

హారతి ఇచ్చి, అబ్రహాం రంగు కడుక్కున్నాక చావడిలోనే గొట్టం కుట్లు విప్పారు. గింజలు చేటలో పోస్తే ఎవరివి ఎవరివో పోల్చుకునే వీలు లేదు. తలా ఒక దోసెడు తీసుకున్నారు. కొర్రలిచ్చిన ఇంటికి జొన్నలు పోయాయి, జొన్నలిచ్చిన ఇంటికి సజ్జలు పోయాయి. ఎవరూ తూకం అడగలేదు.

వాన ఆ రోజు రాలేదు, ఆ వారమూ రాలేదు. శ్రావణం చొరబడ్డాక వచ్చింది. పల్లెలోనే కాదు, నాటకం ఆడని ఊళ్ళలో కూడా అంతే కురిసింది. అందుచేత కిరీటం వల్లే వచ్చిందని ఎవరూ గట్టిగా అనలేకపోయారు, కాదని కూడా అనలేదు. విత్తనం నేలలో పడింది. కొన్ని చేలల్లో జొన్నల మధ్య కొర్రలు మొలిచాయని చెప్పుకుని ఆ ఏడంతా నవ్వుకున్నారు.

కిరీటం మద్దమ్మ గుడిసెలో దూలానికి వేలాడింది. బెండు మెల్లగా మీగడ రంగు తిరిగి, తరువాత పసుపుపచ్చగా మారింది. ఎవరో చెబితే విని బళ్ళారి డ్రస్సుల అంగడి వాళ్ళు ఆదోనికి వచ్చి అటువంటివే కావాలన్నారు. వీరమ్మ కొన్ని చేసి ఇచ్చింది. బాగానే ఉన్నాయన్నారు. కానీ ఆ కొండా ఆ బండా ఆమెకు మళ్ళీ కలలోకి రాలేదు. మొదట్లో మధ్యాహ్నాలు కావాలని పడుకుని చూసింది. తరువాత ఆ సంగతి పట్టించుకోవడం మానేసింది.

దసరా దాటాక ఒక పొద్దున బసవన్న వీరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతికర్ర గోడకు ఆనించి నిలబడ్డాడు.

"మనవరాలి పెండ్లి పెట్టుకున్నామమ్మా. బాసికాలు నువ్వే కట్టల్ల. మాది సిన్న ఇల్లు, కానీ బాసికం మాత్రం మంచిగుండల్ల."

"పెండ్లి ఎప్పుడప్పా?"

"మాఘంలో."

"సానా టైముండాది. నువ్వు ముందు కూసో," అని వీరమ్మ పీట వాల్చింది. "పిల్ల నుదురు యెడల్పా, సన్నమా, అది సెప్పు."

బసవన్న పీట మీద కూర్చుని, ఎండలో నడిచొచ్చిన కాళ్ళు చాపుకుని, ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో చేతులతో గాలిలో గీసి చూపించడం మొదలుపెట్టాడు.